సాగర్ నీటిమట్టానికి ఏ గ్రాఫ్ గీయాలి? కాలంతో మారే డేటాను చూపించే పద్ధతుల పోలిక

నాగార్జునసాగర్ పదేళ్ల రోజువారీ నీటిమట్టాలు ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయనుకుందాం. 3,650కి పైగా వరుసలు. అన్నీ సెలెక్ట్ చేసి లైన్ చార్ట్ నొక్కితే ఒక గీత వస్తుంది. పది సార్లు లేస్తుంది, పది సార్లు పడుతుంది. వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది అని తెలుస్తుంది. ఆ మాత్రం తెలియడానికి గ్రాఫ్ అక్కర్లేదు.

అవే అంకెలను ఇంకోలా గీస్తే ఈ ఏడాది నీళ్లు ఎంత ఆలస్యంగా వచ్చాయో తెలుస్తుంది. మరోలా గీస్తే ఏటా మార్చి నాటికి మిగిలే నీళ్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో బయటపడుతుంది. డేటా మారలేదు, అడిగిన ప్రశ్న మారింది. అందుకే గ్రాఫ్ ఎంచుకునే ముందు ప్రశ్నను ఒక వాక్యంలో కాగితం మీద రాసుకోమంటాను. ఆ వాక్యం రాయలేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ మిమ్మల్ని గట్టెక్కించదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ప్రశ్న రకం. సాధారణంగా ఇది నాలుగింటిలో ఒకటి అవుతుంది: దీర్ఘకాలంలో ఎటు పోతోంది? ఏటా ఏ సీజన్‌లో ఎలా ఉంటుంది? ఈ ఏడాది మిగతా ఏళ్లతో పోలిస్తే ఎలా ఉంది? ఏదైనా హద్దు దాటిందా?

రెండోది, పాయింట్ల సంఖ్య. పదేళ్ల నెలవారీ డేటా అంటే 120 పాయింట్లు, ఏ గ్రాఫ్ అయినా మోస్తుంది. మన దేశంలో కరెంటు గ్రిడ్ షెడ్యూలింగ్ (ఏ వేళకు ఎంత కరెంటు అన్న ప్రణాళిక) 15 నిమిషాల బ్లాకుల్లో జరుగుతుంది. రోజుకు 96 బ్లాకులు, ఏడాదికి 35,040. ఫోన్ స్క్రీన్ మీద అన్ని పాయింట్లను ఒకే గీతగా గీస్తే నల్లటి మరక తప్ప ఏమీ కనిపించదు.

మూడోది, పాఠకుడికి కచ్చితమైన అంకె కావాలా, ఆకారం చూస్తే చాలా? నాలుగోది, చూసేది ఎవరు, ఎక్కడ? నలుపు తెలుపు పేపర్లో అచ్చయ్యే గ్రాఫ్‌లో రంగుల మీద ఆధారపడలేం. కంట్రోల్ రూమ్‌లో పెద్ద తెర ముందు రోజంతా కూర్చునే వాళ్లకు కాస్త కష్టమైన గ్రాఫ్ ఇచ్చినా వారంలో అలవాటవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను క్షణంలో చూసి దాటేసే వారికి ఆ అవకాశం లేదు.

| పద్ధతి | దేనికి బాగుంటుంది | కొత్తవారికి | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|
| మామూలు లైన్ చార్ట్ | దిశ, హద్దు దాటడం | తేలిక | సీజన్ బలంగా ఉన్నప్పుడు ఏళ్ల పోలిక కష్టం |
| ఏడాదిపై ఏడాది గీతలు | ఈ ఏడాదికీ మిగతా ఏళ్లకీ పోలిక | తేలిక | దీర్ఘకాల దిశ కనబడదు |
| హీట్‌మ్యాప్ (అంకెకు తగ్గ రంగు వేసిన గడులు) | వేల పాయింట్లు, గంట–రోజు, రోజు–నెల తీరు | ఫర్వాలేదు | కచ్చితమైన అంకె చదవలేం |
| చిన్న గ్రాఫుల వరుస | చాలా చోట్లను పోల్చడం | తేలిక | స్కేలు ఎంపిక తప్పితే మోసం చేస్తుంది |
| కూడుతూ పోయే గీత | వర్షపాతం, ఖర్చు, అమ్మకాల మొత్తం | తేలిక | ఒక్క రోజు తీవ్రత కనబడదు |
| నెలవారీ విడి గీతలు | ఏ నెల ఏళ్ల తరబడి ఎలా మారింది | వివరించాలి | ఒక ఏడాది కథ తెగిపోతుంది |
| ట్రెండ్, సీజన్ విడదీయడం | అసలు దిశ తేల్చడం | కష్టం | లెక్క మీద నమ్మకం ఉండాలి |
| హొరైజన్ చార్ట్ | తక్కువ చోటులో డజన్ల గీతలు | చాలా కష్టం | అలవాటు లేని వారికి అర్థం కాదు |

## లైన్ చార్ట్

1786లో స్కాట్లాండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ ఇంగ్లండ్ ఎగుమతి దిగుమతుల్ని గీతలుగా గీసి అచ్చు వేశాడు. అప్పటి నుంచి ఇదే మొదటి ఎంపిక. సీజన్ లేని డేటాకు, లేదా ఒకే సీజన్‌కు, దీన్ని మించింది లేదు.

ముఖ్యంగా హద్దులు ఉన్నప్పుడు. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగుల వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక, 48 వద్ద రెండోది, 53 వద్ద మూడోది ఇస్తారు. 2022 జులైలో నది 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. ఈ వరద కథ చెప్పడానికి ఒక గీత, దాని వెనుక మూడు అడ్డగీతలు చాలు. గంటగంటకూ నీరు ఏ హెచ్చరికను ఎప్పుడు దాటిందో, తగ్గేటప్పుడు ఎప్పుడు కిందికి దిగిందో పాఠకుడు తానే చదువుకుంటాడు. ఒక జాగ్రత్త: గంటల డేటాను రోజులకు కుదించేటప్పుడు సగటు తీయకండి, ఆ రోజు గరిష్ఠాన్ని ఉంచండి. సగటు తీస్తే శిఖరం తెగిపోతుంది, వరదలో ముఖ్యమైంది ఆ శిఖరమే. దిశ చూడాలంటే సగటు, హద్దు చూడాలంటే గరిష్ఠం.

ఇక నిలువు యాక్సిస్ (అంకెలు రాసే గీత) సున్నా నుంచి మొదలవ్వాలా అన్న తగువు. బార్ చార్ట్‌కైతే తప్పకుండా మొదలవ్వాలి, అక్కడ బార్ పొడవే అంకె. గీతకు ఆ రూలు లేదు. సాగర్‌నే తీసుకోండి. పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. 510 అడుగులకు దిగితే దాదాపు 131 టీఎంసీలు మిగులుతాయి. ఈ అడుగులు సముద్రమట్టం నుంచి కొలిచినవి. అంటే సున్నా దగ్గర ఉన్నది సముద్రం, డ్యామ్ అడుగు కాదు. సున్నా నుంచి గీస్తే 590 నుంచి 510కి పడటం గ్రాఫ్ ఎత్తులో ఏడో వంతు కూడా కనిపించదు. నిజానికి సగానికి పైగా నీళ్లు పోయాయి. నీటిమట్టం గీస్తే 500 నుంచి మొదలుపెట్టండి. ఎంత నీరుందో చెప్పాలంటే టీఎంసీల్లోకి మార్చి, అప్పుడు సున్నా నుంచి గీయండి.

టీఎంసీల్లోనూ ఒక మెలిక ఉంది. సాగర్ మొదట్లో 408 టీఎంసీల రిజర్వాయర్. పూడిక పేరుకుపోవడంతో ఇప్పుడు 312గా లెక్కిస్తున్నారు. చాలా ఏళ్ల నిల్వను ఒకే గీతగా గీస్తే, సామర్థ్యం పట్టిక (ఏ మట్టానికి ఎన్ని టీఎంసీలో చెప్పేది) మారిన చోట నీళ్లు తగ్గకపోయినా గీత ఒక్కసారిగా కిందికి పడవచ్చు. అక్కడ నిలువు గీత పెట్టి ఒక ముక్క రాయాలి.

గ్రాఫ్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి కూడా చిన్న విషయం కాదు. సూర్యుడి మచ్చల సంఖ్య సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంది. చతురస్రంలో గీస్తే ముళ్లలా కనిపిస్తాయి. అడ్డంగా బాగా సాగదీసి గీస్తే, పెద్ద చక్రాల్లో మచ్చలు వేగంగా పెరిగి నిదానంగా తగ్గుతాయన్న సంగతి అప్పుడు కంటికి తెలుస్తుంది. గీతల వాలు సుమారు 45 డిగ్రీల దగ్గర ఉంటే మార్పు వేగాన్ని బాగా పోల్చగలమని గ్రాఫులపై పరిశోధన చేసిన గణాంక శాస్త్రవేత్త విలియం క్లీవ్‌లండ్ చెప్పింది ఇందుకే.

## ఏడాదిపై ఏడాది

పత్రికల్లో, ఆఫీసుల్లో ఎక్కువగా అడిగే ప్రశ్న "పోయినేడుతో పోలిస్తే ఎలా ఉంది?" అనేదే. కేంద్ర జల సంఘం వారం వారం ఇచ్చే రిజర్వాయర్ల బులెటిన్‌లో కూడా ఇప్పటి నిల్వ పక్కన పోయినేడాది నిల్వ, పదేళ్ల సగటు ఉంటాయి. ఈ ప్రశ్నకు ఏళ్లన్నింటినీ ఒకదాని మీద ఒకటి గీయడమే సరైన దారి. ఈ ఏడాది గీత మందంగా, ముదురు రంగులో. మిగతా ఏళ్లు సన్నగా, బూడిద రంగులో. పదేళ్లకు పది రంగులు వేస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఇక్కడ చాలామంది జనవరి నుంచి మొదలుపెడతారు, అదే అసలు తప్పు. కృష్ణా, గోదావరి లెక్కల్లో నీటి సంవత్సరం జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. జనవరి నుంచి గీస్తే ఖరీఫ్‌లో వచ్చిన నీళ్లు ఒక ఏడాదిలో, వాటినే వాడుకున్న రబీ ఇంకో ఏడాదిలో పడతాయి. జూన్ నుంచి గీస్తే నిండటం, నిలవడం, తగ్గడం ఒకే గీతలో వరుసగా వస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. రోజుల నంబర్లతో ఏళ్లను సరిపెట్టేటప్పుడు లీపు సంవత్సరం మార్చి నుంచి అంతా ఒక రోజు జరిపేస్తుంది. జనవరిలో మొదలుపెడితే వానాకాలం మొత్తం ఆ తేడాలో పడుతుంది. జూన్‌లో మొదలుపెడితే ఫిబ్రవరి 29 చివర్లో వస్తుంది కాబట్టి వరద నెలలన్నీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి.

వ్యాపారపు డేటాకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. సంక్రాంతి జనవరి 14, 15 ప్రాంతంలోనే వస్తుంది. దసరా అలా కాదు, ఒక ఏడాది సెప్టెంబర్‌లో మొదలైతే ఇంకో ఏడాది అక్టోబర్ మూడో వారానికి జరుగుతుంది. బట్టల షాపు అమ్మకాలను తేదీల ప్రకారం పోలిస్తే అధిక మాసం వచ్చిన ఏడాది "అమ్మకాలు పడిపోయాయి" అని టెన్షన్ పడాల్సి వస్తుంది. పండగ ఇంకా రాలేదు, అంతే. విజయదశమిని సున్నా అనుకుని, దానికి ముందు ముప్పై రోజులు, తర్వాత పది రోజులు అని గీయండి.

సగటు గీత గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. రిజర్వాయర్ నిజంగా నిండేది పై నుంచి వరద వచ్చిన కొద్ది రోజుల్లోనే. గీత నిటారుగా లేస్తుంది. ఆ వరద ఒక ఏడాది జులై చివర్లో, ఇంకో ఏడాది ఆగస్టులో, మరో ఏడాది సెప్టెంబర్‌లో వస్తుంది. వీటన్నింటి సగటు తీస్తే జులై నుంచి అక్టోబర్ దాకా మెల్లగా ఎక్కే వాలు వస్తుంది. అలా నిండిన ఏడాది ఒక్కటీ ఉండకపోవచ్చు. ఆగస్టు మొదట్లో నీటిమట్టం ఆ సగటు కంటే తక్కువ ఉందని చూసి కంగారు పడేవాళ్లు, వారం తిరిగేసరికి గేట్లు ఎత్తారన్న వార్త చూస్తారు. సగటు గీత ఒక్కటే పెట్టకుండా, వెనకాల పాత ఏళ్ల గీతలనూ ఉంచండి. కుదరకపోతే ఆ తేదీన గడచిన పదేళ్లలో కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా లేత రంగు పట్టీ వేయండి.

## హీట్‌మ్యాప్

గీతలు చేతులెత్తేసే చోట ఇది నిలబడుతుంది. కరెంటు డిమాండ్ తీసుకుంటే 96 బ్లాకులను నిలువుగా, 365 రోజులను అడ్డంగా పేర్చి, ఒక్కో గడికి రంగు వేయండి. 35,040 పాయింట్లు ఒక్క బొమ్మలో ఇమిడిపోతాయి. సాయంత్రం లైట్లు వెలిగే వేళ ఒక అడ్డ చారలా, ఎండాకాలంలో ఏసీల లోడు ఒక మడుగులా, పండగ సెలవులు సన్నటి నిలువు చీలికల్లా కనిపిస్తాయి. గీతలో వెతికినా దొరకని సంగతులివి. ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్‌తోనే చేసేయొచ్చు, కోడ్ రానక్కర్లేదు.

రంగుల స్కేలు దగ్గరే ఇది బెడిసికొడుతుంది. రోజువారీ వర్షపాతం గీసేటప్పుడు ఒక్క తుఫాను రోజు 300 మిల్లీమీటర్లు పడితే, సాఫ్ట్‌వేర్ ముదురు రంగంతా దానికే ఇచ్చి మిగతా రోజులన్నింటినీ తెల్లగా వదిలేస్తుంది. పొలానికి పనికొచ్చే వానలన్నీ మాయమవుతాయి. దీనికి వాతావరణ శాఖ తరగతులే మందు: 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఈ హద్దుల దగ్గర రంగు మారేలా, కింద ఇంకో రెండు మూడు మెట్లు కలిపి పెట్టండి. వార్తల్లో విన్న మాటలే గ్రాఫ్‌లోనూ కనిపిస్తే పాఠకుడికి తేలిక.

వర్షపాతం లాంటి వాటికి ఒకే రంగు, లేత నుంచి ముదురుకు. సాధారణం కంటే ఎక్కువ తక్కువలు చూపాలంటే మధ్యలో తెలుపు, అటూ ఇటూ రెండు రంగులు. ఎరుపు ఆకుపచ్చ జంట వద్దు, ఆ రెండింటి తేడా కనిపించని పాఠకులు ప్రతి చోటా ఉంటారు. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ హాకిన్స్ 2018లో తెచ్చిన క్లైమేట్ స్ట్రైప్స్‌లో ఏడాదికి ఒక చార, నీలం నుంచి ఎరుపు. అంకెలు లేవు, యాక్సిస్ లేదు. భూమి వేడెక్కుతోందని చెప్పడానికి అది చాలు, ఎంత వేడెక్కిందో చెప్పాలంటే చాలదు.

## చిన్న గ్రాఫుల వరుస

ఒకే గ్రాఫ్‌లో ఆరు రిజర్వాయర్లు గీయడం కంటే ఆరు చిన్న గ్రాఫులు పక్కపక్కన పెట్టడం ఎప్పుడూ మేలు. కృష్ణా మీద ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల. వీటిని అక్షర క్రమంలో పెట్టకండి, నది పారే క్రమంలో పై నుంచి కిందికి పేర్చండి. ఆలమట్టి నిండి నీరు వదిలాక కింది గ్రాఫుల్లో ఒక్కొక్కటిగా గీత ఎలా లేస్తుందో కళ్లతో వెంబడించవచ్చు. ఇంత మాట చెప్పాలంటే మామూలుగా ఒక పేజీ రాయాలి.

స్కేలు విషయంలో రెండు దారులు. అన్నింటికీ ఒకే టీఎంసీల స్కేలు పెడితే పది టీఎంసీలు కూడా పట్టని జూరాల సాగర్ పక్కన నేలకు అతుక్కుపోతుంది. ఒక్కోదానికి విడి స్కేలు పెడితే అన్నీ సమానంగా కనిపిస్తాయి, అదీ అబద్ధమే. నేనైతే పూర్తి సామర్థ్యంలో శాతంగా మార్చి గీసి, ఒక్కో గ్రాఫ్ శీర్షికలో సామర్థ్యాన్ని టీఎంసీల్లో రాస్తాను.

ఇన్‌ఫ్లో (పై నుంచి వచ్చే నీరు), నీటిమట్టం రెండూ చూపాల్సి వచ్చినప్పుడు ఎడమ వైపు ఒక స్కేలు, కుడి వైపు ఇంకో స్కేలు పెట్టి ఒకే గ్రాఫ్‌లో గీయడం అలవాటైపోయింది. దయచేసి మానేయండి. క్యూసెక్కుల గీత అడుగుల గీతను ఎక్కడ దాటుతుందన్నది మీరు పెట్టిన స్కేళ్లను బట్టి మారిపోతుంది, దానికి ఏ అర్థమూ లేదు. పాఠకుడు మాత్రం ఆ కూడలినే చూస్తాడు. పైన ఇన్‌ఫ్లో, కింద నీటిమట్టం, రెండింటికీ ఒకే తేదీల వరుస. కారణం పైన, ఫలితం కింద.

## కూడుతూ పోయే గీత

నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లో దేశానికి దీర్ఘకాల సగటు 87 సెంటీమీటర్లు. సీజన్ చివర్లో మొత్తం ఇంత అని చెబితే రైతుకు దక్కేది తక్కువ. జూన్ 1 నుంచి రోజు రోజుకూ కూడుతూ గీత గీస్తే, వాన పడని రోజుల్లో గీత చదునుగా నిలబడిపోతుంది. రెండు మండలాల్లో మొత్తం ఒకటే అయినా, ఒక చోట మెట్లు చిన్నవిగా తరచూ వస్తాయి, ఇంకో చోట పొడవైన చదును తర్వాత ఒక్క పెద్ద మెట్టు ఉంటుంది. పత్తి మొలకకు ఈ రెండూ ఒకటి కావు. పక్కన సాధారణ వర్షపాతం గీత పెడితే చాలు, లోటు ఎప్పుడు మొదలైందో ఎవరైనా చదువుకోగలరు. వర్షపాతం మీద రాసేవారికి ఇదే నా మొదటి సలహా.

## మిగతా మూడు

నెలవారీ విడి గీతలు అంటే జూన్‌లన్నీ ఒక చోట, జులైలన్నీ ఒక చోట పెట్టి, ఒక్కో నెల ఏళ్ల తరబడి ఎలా మారిందో చిన్న గీతగా చూపడం. "జూన్ వాన తగ్గి సెప్టెంబర్ వాన పెరుగుతోందా?" అనే ప్రశ్నకు ఇది నేరుగా జవాబిస్తుంది. అయితే ఎలా చదవాలో పైన రెండు ముక్కలు రాయాల్సిందే.

ట్రెండ్ (దీర్ఘకాల దిశ), సీజన్ (ఏటా వచ్చే ఎగుడుదిగుళ్లు) విడదీయడానికి మంచి ఉదాహరణ హవాయిలోని మౌనా లోవాలో 1958 నుంచి కొలుస్తున్న కార్బన్ డయాక్సైడ్. ఏటా ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చినప్పుడు తగ్గుతుంది, ఆకు రాల్చినప్పుడు పెరుగుతుంది. ఆ అలను తీసేస్తే 1958లో పది లక్షల భాగాలకు 315 దగ్గర ఉన్నది ఆగకుండా పైకి పోతున్న గీత మిగులుతుంది. ఇలాంటి చోట విడదీయడం బంగారం. కానీ మూడు నాలుగేళ్ల డేటాతో విడదీస్తే సీజన్ అనిపించేది యాదృచ్ఛికం కావచ్చు. విద్యార్థులు ఎక్కువగా వాడే 1949–1960 విమాన ప్రయాణికుల డేటాలో ఇంకో పాఠం ఉంది: 1949 జనవరిలో 1.12 లక్షలు, 1960 జులైలో 6.22 లక్షలు. ప్రయాణికులు పెరిగే కొద్దీ సీజన్ ఎగుడుదిగుళ్లు కూడా పెద్దవవుతాయి. లాగ్ స్కేలు (ఒక్కో మెట్టుకు అంకె అన్నే రెట్లు పెరిగేది) మీద గీస్తే అలలన్నీ దాదాపు ఒకే ఎత్తుకు వస్తాయి, అప్పుడు విడదీయడం సరిగ్గా కుదురుతుంది.

హొరైజన్ చార్ట్ గీతను పొరలుగా కోసి ఒకదాని మీద ఒకటి మడిచి, ముదురు రంగుతో ఎక్కువను చూపుతుంది. పది, ఇరవై సబ్‌స్టేషన్లను ఒకే తెర మీద చూసే ఇంజనీర్లకు పనికొస్తుంది. పత్రికలో, సోషల్ మీడియాలో వాడొద్దు.

## మీకు ఏది?

జిల్లా విలేకరి అయితే రెండే నేర్చుకోండి: ఏడాదిపై ఏడాది గీతలు, కూడుతూ పోయే గీత. నలుపు తెలుపు అచ్చులో కూడా నిలబడతాయి, ఎక్సెల్‌లో పివట్ టేబుల్‌తో అయిపోతాయి. శీర్షికలో "నీటిమట్టం వివరాలు" అని రాయకుండా, గ్రాఫ్ చెప్పే మాటే రాయండి: "పోయినేడాది ఇదే రోజుకు నిండిన సాగర్‌లో ఇప్పుడు సగమే".

నీటిపారుదల, విద్యుత్ శాఖల్లో డాష్‌బోర్డు చేసేవారికి చిన్న గ్రాఫుల వరుస, దాని కింద హీట్‌మ్యాప్. పై అధికారికి ఇచ్చే ఒక పేజీ నోట్‌లో మాత్రం మళ్లీ లైన్ చార్టే పెట్టండి.

డేటా సైన్స్ విద్యార్థులు ఏ మోడల్ జోలికీ వెళ్లక ముందు మామూలు గీత, నెలవారీ విడి గీతలు, విడదీసిన గీతలు మూడూ గీసి చూడాలి. ప్రోగ్రామింగ్ భాషలైన ఆర్‌లో మంత్‌ప్లాట్, పైథాన్‌లో స్టాట్స్‌మోడల్స్ ఈ పనికే ఉన్నాయి. సగటుతో నునుపు చేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. కోవిడ్ రోజుల్లో అందరూ ఏడు రోజుల సగటు వాడింది ఆదివారాల్లో టెస్టులు, నమోదు తగ్గడం వల్ల. గడచిన ఏడు రోజుల సగటు అసలు మలుపు కంటే మూడు రోజులు వెనకబడి ఉంటుంది. నునుపు గీత వెనక అసలు చుక్కలనూ లేతగా ఉంచండి.

దుకాణం నడిపేవారికి పండగతో సరిపెట్టిన ఏడాదిపై ఏడాది గీత, వారం రోజులు–గంటల హీట్‌మ్యాప్. ఏ రోజు ఏ గంటకు ఇంకో మనిషిని కౌంటర్‌లో పెట్టాలో రెండోది చెబుతుంది.

ఏది ఎంచుకున్నా, అచ్చుకు ముందు రెండు చోట్ల చూడండి. ఒకటి ఖాళీలు: రీడింగ్ తీయని రోజును సున్నాగా గీస్తే నీటిమట్టం ఒక్క రోజులో పాతాళానికి పడి లేచినట్టు వస్తుంది. ఎక్సెల్‌లో సెలెక్ట్ డేటా కింద ఖాళీ గడుల సెట్టింగ్‌లో గ్యాప్స్ అని పెడితే గీత అక్కడ తెగుతుంది, అదే నిజం. రెండోది చివరి పాయింట్: నెల సగంలో ఉండగా నెలవారీ మొత్తం గీస్తే చివర్లో గీత ఎప్పుడూ కిందికే పడుతుంది. ఆ పాయింట్‌ను తీసేయండి, లేదా చుక్కల గీతతో గీసి "12వ తేదీ వరకు" అని పక్కనే రాయండి.